పూస నిజంగానే జరిగిందా?

మా ఊళ్లో నడుము పట్టేస్తే ఆసుపత్రి కంటే ముందు గుర్తుకొచ్చేది ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు. కాన్పులో తలకు బదులు కాళ్లు ముందుగా బయటికి వచ్చిన మనిషి నడుము మీద కాలితో మెల్లగా తన్నితే పట్టు విడుస్తుందని నమ్మకం. ఇంటర్ చదివే రోజుల్లో బియ్యం బస్తా ఎత్తబోయి, వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. మా అమ్మ నాలుగిళ్ల అవతల ఉన్న అలాంటి కుర్రాణ్ణి పిలిపించింది. ఏడో తరగతి చదువుతున్న ఆ పిల్లవాడు సిగ్గుపడుతూ వచ్చి, మూడుసార్లు నా నడుమును పాదంతో తాకి, అమ్మ ఇచ్చిన బెల్లం ముక్క పుచ్చుకుని వెళ్లిపోయాడు. ఐదో రోజుకు నేను మామూలుగా నడిచాను. పేరంతా వాడికే దక్కింది.

ఇరవై ఏళ్ల తరువాత హైదరాబాద్‌లో అదే నడుము మళ్లీ పట్టేసింది. ఈసారి ఏసీ గది, గోడ మీద వెన్నెముక బొమ్మ, బల్ల మీద మెత్తటి పరుపు, బయట ‘కైరోప్రాక్టిక్’ అని బోర్డు. నన్ను పక్కకు తిరిగి పడుకోమన్నారు. పై కాలిని మడిచి బల్ల అంచు దాటించారు. ఒక చేత్తో భుజాన్ని వెనక్కి ఆపి, రెండో చేతిని నడుము కింది భాగాన ఆనించి, ఊపిరి వదలమని చెప్పి, వదిలే లోపే ఒక్క తోపు తోశారు. టక్. ‘విన్నారా? పూస జరిగి ఉంది. ఇప్పుడు కూర్చుంది’ అన్నారు. అప్పటికప్పుడు తేలికగా అనిపించిన మాట నిజం. ఆ వెంటే ఇరవై నాలుగు సిట్టింగుల ప్యాకేజీ కాగితం చేతికి వచ్చింది. అది మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను, మళ్లీ వెళ్లలేదు. ఐదో రోజుకు మామూలుగా నడిచాను.

రెండుసార్లూ ఐదు రోజులే. ఆ లెక్క నన్ను చాలాకాలం వదల్లేదు. వెన్నును చేత్తో తోసి సవరించే ఈ కైరోప్రాక్టిక్ వైద్యం గురించి దొరికినంత చదవడం అక్కడే మొదలైంది. చదవగా తేలింది ఇది: కైరోప్రాక్టిక్‌ను నెత్తిన పెట్టుకునేవాళ్లూ, మోసమని కొట్టిపారేసేవాళ్లూ చేస్తున్న పొరపాటు ఒక్కటే. చేతితో చేసే పనినీ, దాని చుట్టూ అల్లిన కథనూ కలిపి ఒకే మూట కడుతున్నారు. మూట విప్పి చూస్తే చేతికి కొంత విలువ ఉంది. కథకు లేదు.

ముందు మన భాషలోనే ఒక చిక్కు ఉంది. వెన్నెముకలోని ఒక్కొక్క ఎముకను మనం ‘పూస’ అంటాం. మాట అందమైనదే. కానీ వినగానే దారానికి గుచ్చిన దండ కళ్ల ముందు ఆడుతుంది. దారం వదులైతే ఒక పూస పక్కకు తొలగదా, వేలితో నెడితే మళ్లీ వరసలోకి రాదా అనిపిస్తుంది. నిజానికి అక్కడ దారం లేదు, వదులూ లేదు. ఒక పూసకూ మరో పూసకూ నడుమ గట్టి డిస్కు రెండింటినీ అంటిపెట్టుకుని ఉంటుంది. వెనక వైపు కుడి ఎడమల చిన్న కీళ్లు, ముందూ వెనకా నిలువునా బిగించి కట్టిన లిగమెంట్లు, వాటి మీద కండరాల పొరలు. తుమ్మినంత మాత్రాన, బస్తా ఎత్తినంత మాత్రాన ఒక పూస వరస తప్పేటంత సందు ఆ అమరికలో లేదు. పూస నిజంగా ముందుకు జరిగే స్థితి ఒకటుంది, స్పాండిలోలిస్థసిస్ అంటారు. అది ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడుతుంది, చేత్తో నొక్కి వెనక్కి పంపగలిగేది కాదు. ‘డిస్కు జారింది’ అన్న మాటా అంతే. డిస్కు ఎక్కడికీ జారదు. దాని అంచు ఉబ్బుతుంది, లేదా చిట్లి లోపలి మెత్తని పదార్థం బయటికి వస్తుంది.

ఇక ‘నరం పట్టేసింది’ సంగతి. మనకు నాడీ నరమే, రక్తనాళమూ నరమే, కండరాన్ని ఎముకకు కట్టే తాడూ నరమే. ఇన్ని అర్థాల మాటతో రోగి బాధ చెప్పుకుంటాడు, అదే మాటతో ఎదుటివారు జవాబిస్తారు. ఇద్దరూ తృప్తిగా లేస్తారు. ఏ నరమో మాత్రం తేలదు.

మరి పూస జరగకపోతే ఆ ‘టక్’ ఎక్కడిది?

మెటికలు విరిచినప్పుడు వచ్చే శబ్దమే అది. అమ్మమ్మలు పిల్లలకు దిష్టి తీసి, కణతలకు వేళ్లు ఆనించి పటపటా విరుస్తారే, అదే. ఎన్ని మెటికలు విరిగితే అంత దిష్టి పోయినట్టు లెక్క. మన కీళ్లలో చాలావాటి చుట్టూ ఒక సంచి, అందులో కోడిగుడ్డు తెల్లసొనలా జిగురైన ద్రవం ఉంటాయి. ఆ ద్రవంలో వాయువులు కరిగి ఉంటాయి. కీలును వేగంగా విడదీస్తే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి బుడగ పుడుతుంది. 2015లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎంఆర్ఐ యంత్రంలో ఒక మనిషి చేతిని పెట్టించి, ఒక్కొక్క వేలినే లాగుతూ సినిమా తీసినట్టు తీశారు. శబ్దం వచ్చిన క్షణంలోనే కీలు మధ్య నల్లని ఖాళీ ఏర్పడడం అందులో కనబడింది, అదీ సెకనులో మూడో వంతు కంటే తక్కువ సమయంలో. ఆ వేళ్లు ఇచ్చిన మనిషి కైరోప్రాక్టరే కావడం నాకు బాగా నచ్చిన సంగతి. 2018లో మరో బృందం గణిత నమూనా కట్టి, బుడగ పుట్టినప్పుడు కాదు, కొంత కుంగినప్పుడే శబ్దం వస్తుందని వాదించింది. ఎటు తిప్పినా అది వాయువు చప్పుడే, ఎముక తన చోటికి చేరిన చప్పుడు కాదు. ఒకసారి విరిచిన మెటిక వెంటనే మళ్లీ విరగదు, గమనించే ఉంటారు. కీలు మళ్లీ ‘సిద్ధం’ కావడానికి ఇరవై నిమిషాల వరకూ పడుతుంది.

మెటికలు విరిస్తే కీళ్లు అరిగిపోతాయని పెద్దలు కోప్పడతారు కదా, దాన్ని తేల్చడానికి డొనాల్డ్ అంగర్ అనే అమెరికా వైద్యుడు ఎడమ చేతి మెటికలు మాత్రమే రోజూ విరుస్తూ, కుడి చేతిని వదిలేస్తూ అరవై ఏళ్లకు పైగా గడిపాడు. రెండు చేతులకూ కీళ్లవాతం రాలేదు. 2009లో ఆయనకు, ముందు నవ్వించి ఆ తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ‘ఇగ్ నోబెల్’ బహుమతి ఇచ్చారు. ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగం పెద్ద రుజువు కాదు గానీ, ఆ ఓపికకు బహుమతి తగినదే.

శబ్దం సంగతి అలా ఉంచి, ఎముక కదిలిందా అన్న ప్రశ్నను నేరుగా పరీక్షించినవారూ ఉన్నారు. 1998లో స్వీడన్ పరిశోధకులు పది మంది రోగుల్లో, వెన్నెముక అడుగున కటి ఎముకతో కలిసే కీలు దగ్గర సూక్ష్మమైన లోహపు గుళ్లు అమర్చి, చేతితో సవరించక ముందూ ఆ తరువాతా అతి కచ్చితమైన ఎక్స్‌రేలు తీశారు. సవరించినవారు చేత్తో తడిమి చూసి, ముందున్న తేడా పోయిందన్నారు. ఎక్స్‌రేల్లో మాత్రం కీలు ఎక్కడిది అక్కడే ఉంది.

కథ పుట్టిన ఊరు

‘పూస జరగడమే రోగం’ అన్న కథకు పుట్టిన తేదీ కూడా ఉంది: 1895 సెప్టెంబరు 18. అమెరికాలోని ఐయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ పట్టణం. కెనడాలో పుట్టిన డేనియల్ డేవిడ్ పామర్ అంతకుముందు కిరాణా సరుకులు అమ్మాడు, బంగారు చేపలు అమ్మాడు, ఆ తరువాత అయస్కాంత వైద్యుడినని బోర్డు కట్టాడు. అతడి గది ఉన్న భవనంలో ఊడ్చి తుడిచే హార్వీ లిల్లార్డ్ అనే నల్లజాతి మనిషికి ఏళ్ల తరబడి చెవులు సరిగా వినపడవు. ఒకనాడు వంగి పనిచేస్తుండగా వీపులో ఏదో కదిలినట్టై వినికిడి పోయిందని అతడు చెప్పాడట. పామర్ వీపు తడిమి, పైకి వచ్చినట్టు తోచిన పూసను నొక్కాడు. లిల్లార్డ్‌కు వినపడిందని ప్రకటించాడు. చెవి నుంచి మెదడుకు వెళ్లే నాడి పుర్రె లోపలే మొదలై పుర్రె లోపలే ముగుస్తుంది, వీపు ఛాయలకు కూడా రాదు. అయినా పామర్ ఆ ఒక్క సంఘటన మీద మేడ కట్టేశాడు. నూటికి తొంభై అయిదు రోగాలు పూసలు తప్పడం వల్లే వస్తాయన్నాడు. ఆ తప్పుకు సబ్‌లక్సేషన్ అని పేరు. శరీరంలో పుట్టుకతో ఉండే ఒక జ్ఞానశక్తి నాడుల గుండా పారుతుందనీ, పూస అడ్డుపడితే ఆ పారుదల ఆగుతుందనీ బోధించాడు. గ్రీకు భాషలో ‘చేయి’, ‘పని’ అనే మాటలు కలిపి ఈ వైద్యానికి పేరు పెట్టినది అతడి స్నేహితుడైన ఒక క్రైస్తవ బోధకుడు. 1897లో బడి తెరిచాడు, 1906లో అనుమతి లేకుండా వైద్యం చేసినందుకు జైలుకు వెళ్లాడు. కొడుకు బి.జె. పామర్ తండ్రి కంటే గట్టి వ్యాపారి. సొంతంగా రేడియో స్టేషనే నడిపాడు. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన రొనాల్డ్ రీగన్ మైకు ముందు తొలి ఉద్యోగం చేసింది అక్కడే.

వైద్యుల సంఘాలు ఊరుకోలేదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1963లో నకిలీ వైద్యాల మీద ఒక కమిటీ వేసి, కైరోప్రాక్టర్ల దగ్గరికి రోగులను పంపడం తప్పని వైద్యులకు చెప్పింది. 1976లో చెస్టర్ విల్క్ అనే కైరోప్రాక్టర్ మరికొందరితో కలిసి కోర్టుకెక్కాడు. 1987లో తీర్పు వారి పక్షాన వచ్చింది. ఈ తీర్పును కైరోప్రాక్టర్లు ఇప్పటికీ తమ వైద్యానికి దొరికిన యోగ్యతాపత్రంలా చూపుతుంటారు. కోర్టు చెప్పింది అది కాదు. వృత్తిలో పోటీని అణచడానికి కుట్ర పన్నారని, అది గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని మాత్రమే చెప్పింది. వైద్యం పనిచేస్తుందా లేదా అన్నది తేల్చే పని న్యాయమూర్తి పెట్టుకోలేదు.

ఆ తేల్చే పని తరువాతి ముప్పై ఏళ్లలో ప్రయోగాలు చేశాయి. ఫలితం ఇద్దరినీ నిరాశపరిచేదే.

2017లో అమెరికా వైద్య సంఘం పత్రికలో, కొత్తగా వచ్చిన నడుము నొప్పి మీద జరిగిన 26 ప్రయోగాలను కలిపి చూశారు. నొప్పిని సున్నా నుంచి వంద దాకా కొలిస్తే, చేతి వైద్యం పొందినవారికి ఆరు వారాల లోపు సుమారు పది పాయింట్లు ఎక్కువగా తగ్గింది. పది పాయింట్లంటే సున్నా కాదు, అద్భుతమూ కాదు. దీర్ఘకాలిక నొప్పి మీద 47 ప్రయోగాలను, తొమ్మిది వేలకు పైగా రోగులను లెక్కలోకి తీసుకున్న 2019 నాటి సమీక్ష, ఇది వ్యాయామం లాంటి ఇతర మంచి చికిత్సలతో సమానంగా ఉందంది. సమానం అంటే వాటికంటే మెరుగు కాదని కూడా. 1998లోనే ఒక ప్రయోగంలో కైరోప్రాక్టిక్ పొందినవారిని, ఫిజియోథెరపీ పొందినవారిని, కేవలం ఒక చిన్న పుస్తకం చేతికిచ్చి పంపినవారిని పోల్చారు. మొదటి రెండింటికీ తేడా లేదు. పుస్తకం కంటే అవి కొద్దిగా మెరుగు. పుస్తకం ఖర్చు ఎంతో వేరే చెప్పాలా!

ఈ మాత్రం ఫలితం చాలు కాబట్టే అక్కడి వైద్యుల సంఘాల్లో ఒకటైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగినవాటిలో వేడి కాపడం, మర్దన, ఆక్యుపంక్చర్‌లతో పాటు వెన్నును చేత్తో సవరించడాన్నీ చేర్చింది. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ మాత్రం ఒక షరతు పెట్టింది: వ్యాయామంతో కలిపితేనే, ఒంటరిగా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పి మీద 2023 డిసెంబరులో ఇచ్చిన సూచనల్లో కూడా దీనికి చోటు ఉంది. ఆ పత్రంలో మనకు ఇంకా ముఖ్యమైన భాగం మరొకటి. నడుముకు బెల్టు కట్టడం, బరువులు వేలాడదీసి లాగే ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, కరెంటు పెట్టే టెన్స్ యంత్రం, వీటిని మామూలుగా వాడవద్దని అందులో ఉంది. మన ఊళ్లలో నడుము నొప్పికి ఎక్కువగా దొరికేవి సరిగ్గా ఆ నాలుగే.

ఎముక కదలకపోతే నొప్పి ఎందుకు తగ్గుతుంది? ఆ వేగవంతమైన తోపు కీలు చుట్టూ ఉన్న కండరాలను, వాటిలోని స్పర్శ నాడులను ఒక్కసారిగా కదిలిస్తుంది. బిగుసుకున్న కండరం కాసేపు సడలుతుంది, వెన్నుపాములో నొప్పి సంకేతాల జోరు కొంత తగ్గుతుంది. వంగితే ఏమవుతుందోనన్న భయంతో కర్రలా బిగిసిన మనిషికి ‘కదిలాను, ఏమీ కాలేదు’ అన్న ధైర్యం వస్తుంది. చెయ్యి పెట్టి చూసేవారి మీద నమ్మకం, టక్‌మన్న చప్పుడు కూడా తమ వంతు పని చేస్తాయి. వీటన్నిటి కింద ఎవరూ ఖర్చు రాయని కారణం ఒకటుంది: కొత్తగా పట్టేసిన నడుము చాలామందికి కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో, ఏం చేసినా ఏమీ చేయకపోయినా సడలుతుంది. మనం ఎవరి దగ్గరికైనా పరుగెత్తేది నొప్పి పతాకస్థాయిలో ఉన్నప్పుడే. అక్కడి నుంచి అది తగ్గే దారిలోనే ఉంటుంది. ఎదురుకాళ్ల కుర్రాడి బెల్లం ముక్క ఆ దారిలో సంపాదించినదే.

దీనికి తోడు స్కానింగు రిపోర్టులు మనుషులను భయపెడతాయి. ఏ నొప్పీ లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కాన్లను కలిపి 2015లో లెక్క తీశారు. ఇరవై ఏళ్లవారిలోనే 37 శాతానికి డిస్కు అరుగుదల, 30 శాతానికి ఉబ్బు కనిపించాయి. యాభై ఏళ్లు వచ్చేసరికి అవి 80, 60 శాతం. అంటే చాలామందికి తల నెరవడం లాంటిదే ఇదీ. నొప్పి వచ్చినప్పుడు స్కాన్ తీస్తే ఏదో ఒకటి దొరుకుతుంది, దొరికినదే దొంగ అని తీర్మానిస్తాం.

బెణుకులు, కీళ్ల దెబ్బలు

వెన్ను విషయంలో ఉన్న రుజువు మిగతా కీళ్లకు వచ్చేసరికి పలచబడుతుంది. భుజం పట్టేసినప్పుడు, చీలమండ బెణికి బిగుసుకున్నప్పుడు చేత్తో మెల్లగా కదిలించడం వ్యాయామానికి తోడైతే కొంత మేలు కనిపించింది. తెగిన లిగమెంటును, చిరిగిన మోకాలి మృదులాస్థిని ఏ తోపూ అతికించలేదు. ‘మోకాలిలో గుజ్జు అరిగింది’ అన్నవారికి తొడ కండరాలు బలపడే వ్యాయామమే మొదటి మందు, బల్ల మీద విరుపు కాదు.

చేత్తో తిప్పగానే నిజంగా నయమయ్యే కీలు ఒకటుంది. దాన్ని చెప్పకపోతే చేతి వైద్యానికి అన్యాయం చేసినట్టే. రెండు మూడేళ్ల పిల్లను రోడ్డు దాటిస్తూ చెయ్యి పట్టి గుంజినప్పుడో, రెండు చేతులూ పట్టి గిర్రున తిప్పినప్పుడో, మోచేతి దగ్గర ముంజేతి ఎముక తల తన చుట్టూ ఉన్న పట్టీ లాంటి లిగమెంటు నుంచి కొంచెం జారుతుంది. పిల్ల ఆ చేతిని ఒంటికి ఆనించుకుని కదపదు, ఎవరైనా ముట్టుకుంటే ఏడుస్తుంది. తెలిసిన వైద్యుడు మోచేతి మీద బొటనవేలు ఆనించి, ముంజేతిని తిప్పుతూ మడిస్తే వేలి కింద చిన్న ‘క్లిక్’ తగులుతుంది. కొద్ది నిమిషాల్లో పిల్ల అదే చేత్తో బిస్కెట్టు అందుకుంటుంది. వైద్యశాస్త్రం సబ్‌లక్సేషన్ అనేది ఇలాంటిదాన్ని. కీలు పాక్షికంగా తప్పింది, చేత్తో సరిచేశారు, అయిపోయింది. పామర్ అదే మాటను తీసుకెళ్లి వెన్నెముకంతా అంటించాడు.

చీలమండ మడతపడితే మన ఇళ్లలో చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టు వేస్తారు. ఎవరో ఒకరు నూనె రాసి ఈడ్చి తోముతారు. పట్టు వల్ల నష్టం లేదు. తోమే ముందు, విరిపించే ముందు, ఎముక విరగలేదని తేలాలి. 1992లో కెనడాలోని ఒట్టావాలో వైద్యులు దీనికి సులువైన కొలత తయారుచేశారు. దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ వైద్యుడి ముందు, రెండుసార్లూ నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ ఇరువైపులా పొడుచుకొచ్చే ఎముకల వెనక అంచున, కింది ఆరు సెంటీమీటర్ల మేర నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయాలి. ఈ రెండూ లేకపోతే ఎముక విరిగే అవకాశం బహు తక్కువ. ఎముక విరుపులకు పుత్తూరు కట్టు నూరేళ్లకు పైగా పేరు నిలుపుకుందంటే అక్కడ ఆకుపసరూ గుడ్డు తెల్లసొనతో పాటు వెదురు బద్దలు కట్టి కదలకుండా ఉంచుతారు కాబట్టి. విరిగిన ఎముకకు కావలసింది నిలకడ, విరుపు కాదు. (భుజం కీలు పూర్తిగా ఊడినప్పుడు కూడా ఎక్స్‌రే తరువాతే లోపలికి పెట్టించుకోవాలి. కాలవ గట్టున స్నేహితుడు లాగి పెట్టిన భుజాల్లో నాడి దెబ్బతిన్నవీ ఉన్నాయి.)

మెడ దగ్గర మాత్రం ఆగాలి

నడుము మీద తోపు వల్ల సాధారణంగా వచ్చే బాధ ఒకటి రెండు రోజుల ఒళ్లు నొప్పి. మెడ అలా కాదు. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడ పూసల పక్కనున్న రంధ్రాల్లోంచి పైకి వెళ్లి, మొదటి పూస మీద వంపు తిరిగి పుర్రెలోకి దూరతాయి. మెడను ఒక్క ఉదుటున తిప్పినప్పుడు ఆ వంపు దగ్గర ధమని లోపలి పొర చిరగవచ్చు. చిరిగిన చోట గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతం. ఇది అరుదు. పైగా ధమని అప్పటికే చిరగడం వల్ల వచ్చిన మెడ నొప్పితోనే కొందరు కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తున్నారని, కారణమూ ఫలితమూ తారుమారవుతున్నాయని కెనడాలో 2008లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం సూచించింది. ఆ వాదనలో పస ఉంది. కానీ అలాంటి మెడను తిప్పడం ఇంకా ప్రమాదం కదా! మెడ నొప్పికి అంతే మేలు చేసే మెల్లని వ్యాయామాలు ఉన్నప్పుడు, అరుదైనదే అయినా ఇంత పెద్ద నష్టాన్ని పణంగా పెట్టడం నాకు లెక్క కుదరని బేరం.

ఇక్కడ కైరోప్రాక్టర్లను మాత్రమే నిలదీయడం న్యాయం కాదు. క్షవరం అయ్యాక గడ్డం కింద ఒక చెయ్యి, నడినెత్తిన ఒక చెయ్యి పెట్టి అటూ ఇటూ టక్కున విరిచే సేవ మన క్షౌరశాలల్లో ఉచితం. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడుగుతుండగా పక్షవాతం లక్షణాలు మొదలయ్యాయని వార్తలు వచ్చాయి. మెడ విరిచాక తల తిరగడం, వస్తువులు రెండుగా కనబడడం, మాట తడబడడం, ఒక వైపు తిమ్మిరి, నడక తూలడం, వీటిలో ఏది కనిపించినా పడుకుని చూద్దాం అనుకోకూడదు. ఆసుపత్రికి పరుగెత్తాలి.

నడుము విషయంలోనూ బల్ల ఎక్కకూడని సందర్భాలున్నాయి. మూత్రం, మలం మీద అదుపు తప్పడం, సైకిల్ సీటు ఆనే చోట స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి లేవకపోవడం నాడుల గుత్తి నలిగిపోతోందనడానికి గుర్తులు. అప్పుడు గంటలు లెక్క. క్యాన్సర్ వచ్చి తగ్గినవారు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడినవారు, ఎముకలు గుల్లబారిన పెద్దవారు తోపులకు దూరంగా ఉండాలి. పొద్దున్నే బిగుసుకుని, నడిచిన కొద్దీ సడలే నడుము నొప్పి నెలల తరబడి ఉన్న యువకులకు యాంకిలోసింగ్ స్పాండిలైటిస్ ఉందేమో చూడాలి. ఆ జబ్బు ముదిరితే వెన్ను అతుక్కుపోయి, పెళుసు బారుతుంది.

అమెరికా పుస్తకాల్లో చివరి వరసలో ఉండి, మన దగ్గర ముందు వరసలో ఉండాల్సింది మరొకటి: వెన్నెముక క్షయ. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయ ఊపిరితిత్తులకే పరిమితం కాదు, వెన్నుపూసలను లోపలి నుంచి తినేస్తుంది. దగ్గు ఉండకపోవచ్చు. వారాల తరబడి పెరుగుతూ పోయే నడుము నొప్పి, రాత్రి చెమటలు, సాయంత్రపు జ్వరం, తగ్గే బరువు, ఇవే ఆనవాళ్లు. అలా పుచ్చిన పూస మీద ఒక్క తోపు పడితే కాళ్లు పడిపోవచ్చు. వీడియోలో మెడకు మైకు పెట్టి ‘టక్’ వినిపించేవారు పడుకోబెట్టే ముందు జ్వరం వస్తోందా అని అడగడం నేనింతవరకూ చూడలేదు.

ఎవరి చేతుల్లో పడుతున్నాం?

అమెరికాలో కైరోప్రాక్టర్ కావాలంటే కాలేజీ చదువు తరువాత దాదాపు నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి. బ్రిటన్‌లో 1994 చట్టం ప్రకారం నమోదు కాకుండా ఆ పేరు పెట్టుకోవడం నేరం. అయినా అక్కడా కథ పూర్తిగా చావలేదు. పసిపిల్లల కడుపునొప్పికీ, చెవి ఇన్ఫెక్షన్లకూ, ఉబ్బసానికీ వెన్ను సవరించే బాపతు వారు ఉన్నారు. ఆ వాదనలకు ఆధారం లేదని రాసిన సైన్సు రచయిత సైమన్ సింగ్ మీద బ్రిటిష్ కైరోప్రాక్టిక్ సంఘం 2008లో పరువునష్టం దావా వేసి, 2010లో వెనక్కి తీసుకుంది. ఆ గొడవ బ్రిటన్ పరువునష్టం చట్టాన్నే 2013లో మార్పించిన ఉద్యమానికి ఊపునిచ్చింది. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ నేటికీ ‘సబ్‌లక్సేషన్‌ను సరిచేయడానికి’ అని రాస్తేనే డబ్బు చెల్లిస్తుంది. పామర్ మాట చట్టంలో కూర్చుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కారుకు వెనక నుంచి ఇంకో కారు తగిలితే కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లడం మన తెలుగువాళ్లకూ అలవాటైంది. అక్కడ వెన్నంతా ఎక్స్‌రేలు తీసి, వంపులకు గీతలు గీసి నెలల తరబడి రమ్మనేవారు ఒకరు, నాలుగైదు సార్లు చూసి వ్యాయామాలు నేర్పి పంపించేవారు మరొకరు. డిగ్రీ ఇద్దరిదీ ఒకటే.

మన దేశంలో ఆ డిగ్రీకే లెక్క చూసే నాథుడు లేడు. కైరోప్రాక్టిక్‌కు ఇక్కడ ప్రత్యేక మండలి లేదు, ఆయుష్ పద్ధతుల్లోనూ అది లేదు. ఫిజియోథెరపిస్టులకు మాత్రం 2021 చట్టం ఉంది. చాలామందికి తెలియనిది, వారి చదువులోనూ ఇదే చేతి పని ఉంటుంది. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెఫ్రీ మెయిట్‌లాండ్ కీళ్లను కదిలించడాన్ని మెట్లుగా విభజించాడు. మెల్లగా ఊపే నాలుగు మెట్లు దాటాక ఐదోది సరిగ్గా ఈ వేగవంతమైన తోపే. కాబట్టి ఆ ‘టక్’ కోసం ప్రత్యేకమైన బోర్డు వెతుక్కోనక్కర్లేదు. ఎవరి దగ్గరికి వెళ్లినా నేను చూసేది మూడు విషయాలు. ముట్టుకునే ముందు నా పాత జబ్బులు, మందులు, జ్వరం గురించి అడిగారా? నాలుగైదు సార్లలో తేడా లేకపోతే ఆపేద్దాం అన్నారా, ముందే ప్యాకేజీ కట్టించుకున్నారా? ఇంట్లో చేసుకునే వ్యాయామం నేర్పారా? మూడోది లేకపోతే మిగతా రెండూ ఉన్నా లేచి వచ్చేస్తాను.

కిందటి నెల గ్యాస్ సిలిండరు జరుపుతుంటే నడుము మళ్లీ పట్టింది. అమ్మకు ఫోనులో చెప్పాను. ఆ ఎదురుకాళ్ల కుర్రాడు ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడట, ఇద్దరు పిల్లలట. ‘వీడియో కాల్ చేసి తన్నమని అడగమంటావా?’ అన్నాను. ‘నీకన్నీ వెటకారాలే’ అని పెట్టేసింది. వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని, పూటకు పది నిమిషాలు డాబా మీద అటూ ఇటూ నడిచి, ఎవరి చేతా తన్నించుకోకుండా, విరిపించుకోకుండా ఊరుకున్నాను. ఈసారి ఏడు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల తేడా ఎవరిదో అమ్మకు బాగా తెలుసు.